శుక్రవారం బొట్టు పెట్టిన పెన్ డ్రైవు

పూతలపట్టు కూడలిలో ఎస్‌టీడీ బూత్ నడిపిన రోజుల్లో ఏకాంబరం చెవిన పడని ఇంటి సంగతి లేదు. పోలియోతో ఒక కాలు సన్నబడిన మనిషి. కూర్చుని చేసే పని దొరికిందని సంబరపడ్డాడు. ఆ సంబరం ఎన్నాళ్లు? సెల్‌ఫోన్లొచ్చి నోట్లో మట్టి కొట్టాయి. ఇంకొకరైతే నెత్తిన చెయ్యి పెట్టుకునేవారు. ఏకాంబరం అదే గదిలో మూడు పాత కంప్యూటర్లు పెట్టి, నెట్ సెంటర్ అని బోర్డు కట్టాడు.

వాటికి నెట్ పంచే రౌటర్ కూడా పాతదే. దానికి మతిమరుపు రోగం. కరెంటు పోయొచ్చిన ప్రతిసారీ నేర్పిందంతా మరిచిపోయేది. మా వైపు కరెంటు సంగతి చెప్పనక్కర్లేదు కదా. లోపలి మెమరీ అరిగిపోయిందని ఏకాంబరం కనిపెట్టాడు. నెట్‌లో వెతికి, అర్థం కాని మాటకు డిక్షనరీ తిప్పి, పెట్టెను నడిపే లినక్స్ ప్రోగ్రాం మొత్తాన్నీ ఒక పెన్ డ్రైవులోకి ఎక్కించి రౌటర్ వెనక గుచ్చాడు. ఇక కరెంటు రాగానే పెట్టె తన బుర్రను నమ్ముకోకుండా అందులో చూసుకుని మేలుకొనేది.

అది పనిచేసిన నాడు భార్య మునిలక్ష్మిని పిలిచి చూపించాడు. "సూడు మునీ, ఇది లేకుంటే మన కొట్టే లేదు."

ఆమె పెన్ డ్రైవును తాకి చేతులు కళ్లకద్దుకుంది. ఆయన అప్పుడే అనుమానపడి ఉండాల్సింది.

శుక్రవారం కువైట్‌లో సెలవు. ఊరి ఆడవాళ్లు మొగుళ్లను తెర మీద చూస్తూ మాట్లాడడానికి వచ్చేది ఆ రోజే. ఆ శుక్రవారం కుప్పమ్మ పసిబిడ్డను చంకనేసుకుని వచ్చింది. బిడ్డ పుట్టకముందే వెళ్లిన మొగుడు చెంగల్రాయుడు కూతుర్ని ఇంతవరకూ చూడలేదు. స్నేహితుడి గదిలో కంప్యూటరు ముందు కాచుకుని ఉన్నాడు.

"రేపట్నుంచి ఎడారిలో గొర్ల మంద కాడ పనంట అన్నా. ఆడ ఫోను కూడా అందదంట. మళ్లీ ఎప్పటికో," అంది కుప్పమ్మ.

పొద్దున కరెంటు పోతే టీకి వెళ్లిన ఏకాంబరం అప్పుడే వచ్చి ఉన్నాడు. కరెంటు వచ్చింది, రౌటర్ దీపాలు వెలిగాయి, నెట్ మాత్రం రాలేదు. పెట్టె తిప్పి చూస్తే వెనక ఖాళీ. బల్ల కింద వెతికాడు, సొరుగులన్నీ లాగాడు. చివరికి గోడ మీది వెంకటేశ్వరస్వామి పటం వైపు చూశాడు. పటం కింద పూలలో, పసుపు పూసి కుంకుమ బొట్టుతో, పెన్ డ్రైవు!

కేకేస్తే వెనకింట్లోంచి మునిలక్ష్మి పరుగున వచ్చింది. శుక్రవారం గడపకూ కుర్చీకీ బొట్లు పెట్టడం ఆమె అలవాటే. కరెంటు లేదు, షాక్ కొట్టదు అనుకుని దీన్నీ ఊడదీసి, తడిగుడ్డతో తుడిచి మరీ పెట్టింది.

"ఇది లేకుంటే కొట్టే లేదంటివి గదబ్బా. అందుకే సామి పాదాల కాడ పెట్టినా," అంది బిక్కమొహం వేసుకుని.

ఏకాంబరం పెన్ డ్రైవు అందుకున్నాడు. పొడిగుడ్డతో తుడిచి గుచ్చాడు. రాలేదు. కుప్పమ్మ సెల్లు మోగింది, చెంగల్రాయుడే. సెలవైనా స్నేహితుడికి ఆ పూట డ్యూటీ పడిందట, గది తలుపేసుకుని పోవాలట. ఏకాంబరం సొరుగులోంచి పెన్సిల్ రబ్బరు తీసి సన్నగా కోసి, దాని మూతి లోపల పసుపు పట్టిన ఇత్తడి రేకుల్ని మెల్లగా రుద్ది, ఎండలో ఆరబెట్టి మళ్లీ గుచ్చాడు. ముగ్గురూ పెట్టె వైపే చూస్తూ నిలబడ్డారు.

దీపాలు ఒకదాని వెంట ఒకటి నిలకడగా వెలిగాయి. తెర మీద చెంగల్రాయుడి మొహం కనబడింది. ఈలోగా బిడ్డ తల్లి భుజం మీద నిద్రపోయింది. కుప్పమ్మ కంగారుగా బుగ్గ తట్టబోయింది.

"లేపొద్దు మే," అన్నాడు చెంగల్రాయుడు. "నిద్దరపోనీ. నేను సూస్తా ఉంటా."

స్నేహితుడు పిలిచేదాకా అలాగే చూస్తూ ఉన్నాడు. ఇన్నేళ్లు ఊరి మాటలన్నీ విన్న ఏకాంబరం, మాటే లేని ఆ కాసేపూ గుమ్మం బయటికి వెళ్లి నిలబడ్డాడు.

మరుసటి శుక్రవారం మునిలక్ష్మి గడపకూ కుర్చీకీ బొట్లు పెట్టి, రౌటర్ దగ్గరికి రాగానే చెయ్యి వెనక్కి తీసుకుంది.

"దీనికి వద్దులేబ్బా."

ఏకాంబరం కుంటుకుంటూ లేచి వచ్చి, ఆమె వేలు కుంకుమలో అద్ది, గుచ్చి ఉన్న పెన్ డ్రైవు వెనక కొసకు తానే బొట్టు పెట్టించాడు.

"ఊడదీయాకు, అంతే," అన్నాడు.