గొర్రెలమ్మి కొన్న షేర్లు

మొన్న హిందూపురంలో నా పరువు ఎట్లా పోయిందో రెండు ముక్కల్లో చెప్పేస్తాను. టీ చల్లారేలోపే అయిపోతుంది. మొదటి ముక్క గొర్రెలది.

గొర్రెలంటే గుర్తొచ్చింది, మా పక్కింటి ఓబుళమ్మ నాతో నెల రోజులు మాట్లాడలేదు. నేను జాకెట్లు కుడతాను కదా, పెనుకొండ పక్కన మా నాలుగు ఊర్లకూ నేనే టైలర్ని. మిగిలిన గుడ్డముక్కలతో మా నాలుగు గొర్రెలకు మెడపట్టీలు కుట్టి కట్టాను. ఒకరోజు ఓబుళమ్మ కొత్త పట్టుజాకెట్టు గుడ్డ మా నల్లచెవుల గొర్రె మెడలో మెరుస్తూ ఆమెకే కనిపించింది.

"గుడ్డ ఏమీ మిగల్లేదంటివే!"

"నీకు మిగల్లేదు ఓబుళమ్మా, గొర్రెకు సరిపోయింది" అన్నాను.

అందులో తప్పేముంది? అయినా ఆమె కోపానికి అసలు కారణం అది కాదు. ఆమె గాజులు బ్యాంకులో కుదువ పెట్టిన సంగతి ఊరికి చెప్పింది నేనే. మా ఊర్లో ఎవరింట్లో ఏం జరిగినా ముందు నాకే తెలుస్తుంది. కొలతలిచ్చేటప్పుడు ఆడోళ్లు ఊరకే నిలబడలేరు. నేను కొలతలు పుస్తకంలో రాసుకుంటాను, మిగతాది మనసులో దాచుకుంటాను. సాయంత్రం దాకా.

సరే, విషయానికొస్తాను. మా ఇంటాయన రామాంజి ధర్మవరంలో ఒక షావుకారు దగ్గర పట్టుచీరలు నేస్తాడు. ఆదివారం ఇంటికొస్తాడు. ఎన్నాళ్లిట్లా ఒకరి మగ్గం మీద కూర్చునేది, సొంత మగ్గం ఒకటి వేసుకోవాలని ఆయన ఆశ. ఆ నాలుగు గొర్రెలనూ కొన్నది అందుకే. అవి ఈని, పెరిగితే మగ్గమన్నమాట.

ఈలోగా మా తమ్ముడు మల్లి వచ్చాడు. వాడు హిందూపురంలో ఫ్యాక్టరీ పనికి పోతూ, బస్సులో కూర్చొని ఫోన్లో షేర్లు కొంటుంటాడు. దిగాల్సిన స్టాపు మాత్రం రోజూ దాటిపోతాడు.

"అక్కా, ఒక మంచి కంపెనీ దొరికింది. దివాలా తీసిన కంపెనీలు ఉంటాయి కదా, వాటి ఆస్తులు లెక్కేసి, అమ్మించి, గేటుకు తాళం పడేదాకా కావాల్సిన పనులన్నీ చేసిపెడతారు వీళ్లు."

"అంటే ఎంతమంది మునిగితే వీళ్లకు అంత పని?"

"అంతే!"

నాకు పెనుకొండ రోడ్డు మీది పంచర్ షాపు గుర్తొచ్చింది. రోడ్డు గుంతలు పడేకొద్దీ ఆ షాపాయన మేడ పైకి లేస్తోంది. మునిగేవాళ్లకు ఈ దేశంలో కొదవా? మా ఒక్క వీధిలోనే ముగ్గురున్నారు. పేర్లు వద్దులే, ఒకరు ఓబుళమ్మ మొగుడు.

బుధవారం బేరగాడు నాగన్నను పిలిచి గొర్రెలు అమ్మేశాను. "మెడపట్టీలు విప్పుకోక్కా" అన్నాడు. "ఉండనీలే, అందంగా ఉండాయి" అన్నాను. ఆ డబ్బంతా మల్లి ఫోన్లో పోయించి షేర్లు కొనిపించాను. రెట్టింపు కాగానే మగ్గం కొని మా ఇంటాయన ముందు పెట్టాలని నా ప్లాన్. అంతదాకా ఎవరికీ తెలియకూడదు. ఊరి గుట్టంతా విప్పేదానికి, నాకే ఒక గుట్టు!

ఆదివారం ఆయన వచ్చి దొడ్లోకి చూశాడు.

"గొర్రెలు యాడ?"

"గాండ్లపెంటలో మా అమ్మ కాడికి తోలిస్తి. ఈడ మేత యాడుండాది?"

ఆయన ఖాళీ దొడ్డిని చూశాడు, నన్ను చూశాడు. "మంచి పని చేస్తివి" అని స్నానానికి పోయాడు. మా ఇంటాయన అంత అమాయకుడు మరి.

ఆ తర్వాత ప్రతి ఆదివారం ఇదే వరస.

"గొర్రెలు బాగుండాయంటనా?"

"బలిసినాయంట."

"ఈనినాయా?"

"ఇంకా లేదంట."

"అట్లనా" అని నవ్వుకునేవాడు.

ఈ పక్క షేరు దిగడం మొదలైంది. మల్లి ఫోన్లో ఎప్పుడు చూసినా ఎర్రగానే ఉండేది. దేశంలో కంపెనీలన్నీ నా మీద పగబట్టి బాగుపడుతున్నాయా అనిపించింది. హిందూపురం పోతే మూతపడిన షట్టర్లు చూసుకుంటూ నడిచేదాన్ని. "ఏమప్పా, వ్యాపారం ఎట్లుండాది?" అంటే "దేవుడి దయ, బాగుందక్కా" అనేవాళ్లు. దారాలు కొనకుండానే తిరిగొచ్చేదాన్ని.

మూడు నెలలకు మల్లి ఫోన్ చేశాడు. "అక్కా, మా ఫ్యాక్టరీ పక్కన పట్టుదారం మిల్లు మూసేసినారు. మిషన్లు వేలమంట. ఆ పని చూసేది నీ కంపెనీనే!"

ఎగిరి గంతేశాను. మా ఊర్లో పదిమంది కలిసి వాటాలేసుకొని పొట్టేలును కోయిస్తారు. వాటా ఉన్నవాళ్లు కోసేచోట నిలబడాలి. నిలబడకపోతే కుప్పలు వేసేటప్పుడు మన కుప్పలోకి ఎముకలు వస్తాయి. ఉగాది మర్నాడు ఓబుళమ్మ మొగుడు పొద్దున్నే నిద్ర లేవలేదు, వాళ్ల కుప్పలో ఒక్క ముక్కకూ కండ లేదు. అందుకని ఒక పెద్ద సంచి మడిచి చంకలో పెట్టుకొని హిందూపురం బస్సెక్కాను.

మిల్లు గేటు దగ్గర వాచ్‌మన్ ఆపాడు. "యారమ్మా నువ్వు?"

"ఈ కంపెనీని మూసే కంపెనీ ఉండాది కదా, దాని ఓనర్ని."

ఆయన నన్ను చూశాడు, నా చెప్పులు చూశాడు, సంచి చూశాడు. అయినా ఎందుకొచ్చిన గొడవని లోపలికి పరిగెత్తాడు. ల్యాప్‌టాప్ చంకలో పెట్టుకొని బెంగళూరు నుంచి వచ్చిన ఒక ఆఫీసరమ్మ గబగబా బయటికొచ్చింది.

"మేడమ్, మీరు డైరెక్టరా?"

"షేర్లు ఉండాయి నాకు. కోసే కాడ నిలబడదామని వచ్చినా."

"ఏం కోస్తారు మేడమ్?"

"అదే, వేలం. నా వాటా ఈడ ఇస్తారా, లోపలిస్తారా?"

ఆమె వాటర్ బాటిల్ తీసి రెండు గుక్కలు తాగింది. "వేలం ఆన్‌లైన్‌లో మేడమ్. ఇక్కడేమీ జరగదు. వచ్చే డబ్బు కూడా మాది కాదు, ఈ మిల్లుకు అప్పులిచ్చినవాళ్లది. మాకు ఫీజు మాత్రమే." తర్వాత జాలిపడి అడిగింది, "ఇంతకీ మీకెన్ని షేర్లున్నాయి?"

సంఖ్య గుర్తుకు రాలేదు. గట్టిగా, అందరికీ వినపడేటట్టు చెప్పాను.

"నాలుగు గొర్రెలవి!"

"ఏ గొర్రెలు?"

ఆ మాట అడిగింది ఆఫీసరమ్మ కాదు. వెనక్కి తిరిగితే మా ఇంటాయన. మిల్లు మిషన్లు ఎట్లున్నాయో చూసి రమ్మని షావుకారు పంపాడంట. వాచ్‌మన్ ఆయనకు నన్ను పరిచయం చేశాడు. "ఈమె ఓనరంటప్పా."

నేను సంచిని ఇంకా చిన్నగా మడిచాను.

ఆయన తిట్టలేదు. నన్ను కదిరి వైపు పోయే బస్సెక్కించాడు. "గాండ్లపెంటకు పోయి గొర్రెల్ని చూసొద్దాం పా" అన్నాడు. దారి పొడుగునా ఏడుస్తూ అంతా చెప్పేశాను. నాగన్న, మల్లి ఫోను, ఎర్రరంగు, రెట్టింపు, మగ్గం. ఆయన కిటికీలోంచి శనగచేలు చూస్తూ కూర్చున్నాడు. టికెట్లు మాత్రం ఆయనే తీశాడు.

మా అమ్మ ఇంటి వెనక గొర్రెలు మేస్తున్నాయి. నావే. నల్లచెవులదాని మెడలో ఓబుళమ్మ పట్టుగుడ్డ మెరుస్తోంది. దాని పొట్ట కింద రెండు పిల్లలు.

ఆ బుధవారం నాగన్న గొర్రెల్ని ఆటోలో ధర్మవరం తోలుకుపోతూ, మా ఆయన నేసే వీధిలో టీకి ఆగాడంట. మెడపట్టీల మీద నా కుట్టు చూసి ఈయన గుర్తుపట్టి, షావుకారు దగ్గర అడ్వాన్సు తీసుకొని, కొని, ఇక్కడికి తోలాడు. నేను ఆదివారం చెప్పబోయే అబద్ధం శుక్రవారానికే నిజమైపోయింది. నాగన్న మా ఊరికొచ్చి అందరికీ చెప్పాడు. మూడు నెలలుగా ఊరంతటికీ తెలుసు.

ఇంటికొచ్చి ఓబుళమ్మను నిలదీశాను. "నాకొక్క మాట చెప్పకూడదా?"

"నీకు చెప్తే ఊరంతా చెప్తావని ఎవ్వరమూ చెప్పలేదక్కా" అంది.

షావుకారు అడ్వాన్సు తీరేదాకా మగ్గం ఆగింది. గొర్రెలు ఇప్పుడు ఆరు. షేర్లు ఎన్ని కొన్నానో అన్నే ఉన్నాయి, ఇంతవరకు ఒక్కటీ ఈనలేదు.