ఖాళీ బండి తోయనివ్వని ఉరుకుందక్క

పొద్దున ఎమ్మిగనూరులోని మా చిన్న దుకాణానికి కొత్త సరుకు వచ్చింది. అట్టపెట్టె మీది టేపు కోయగానే కొత్త రబ్బరు వాసన, దాని వెనకే ఇరుసులకు పూసిన గ్రీజు వాసన గుప్పుమన్నాయి. ముక్కు మూసుకునేవాళ్లు మూసుకుంటారు గానీ నాకు మాత్రం ఆ వాసనకు ప్రాణం లేచివస్తుంది. చక్రాలు బిగించి, గొడుగు తొడిగి ప్రామ్‌ను నిలబెట్టాక నా చేతులు వాటంతట అవే గుండ్రాయి కోసం వెతికాయి. పాత నూలు చీర ముక్కలో చుట్టిన ఆ రాయిని అందులో పడుకోబెట్టాకే బండిని ఒక్క అడుగు ముందుకు తోశాను. చంటిబిడ్డకు బండి కొందామని వచ్చిన జంట ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకున్నారు. నవ్వితే నవ్వనీ. ఈ అలవాటు నాకు ఉరుకుందక్క నుంచి వచ్చింది. ఆమె పోయి రెండేళ్లయినా రబ్బరు వాసన తగిలిన రోజున ఆమె గొంతు నా వీపు వెనకే వినిపిస్తుంది.

ఉరుకుందక్కది ఆదోని బజారులో పిల్లల సామాన్ల దుకాణం. తొట్టెలలు, నడక బండ్లు, దోమతెరలు, పాల సీసాలు, అన్నిటికంటే ముందు వరసలో ప్రామ్‌లు. డిగ్రీ మధ్యలో ఆపేసి ఇంట్లో కూర్చుంటే అమ్మతో రోజూ తగువే అవుతోందని, పదేళ్ల కిందట నేను అక్కడ పనికి చేరాను. అక్కకు అప్పటికే యాభై దాటాయి. హాలహర్వి దగ్గరి పల్లెలో పుట్టిన మనిషి, కోపం వస్తే సగం తిట్లు కన్నడంలో పడేవి. నలుగురు పిల్లలను పత్తి చేల గట్ల మీద చీర జోలెలోనే పెంచిందట. "నా పిల్లోల్లను ఒక్క దినం గూడ బండిలో తిప్పలేదు మే. అందుకే ఊరందరి పిల్లోల్లకూ నేనే బండి ఏరి ఇస్తాండా" అని పకపకా నవ్వేది. నవ్వినప్పుడు ఆమె ఒళ్లంతా కదిలేది, గల్లాపెట్టె పక్కనున్న స్టూలు కూడా కిర్రుమనేది.

చేరిన రోజే తిట్లు తిన్నాను. గులాబీ రంగు ప్రామ్ ఒకటి నిగనిగలాడుతుంటే చెయ్యి ఊరుకోక, దుకాణం ఆ చివర నుంచి ఈ చివరకు చకచకా తోసుకుంటూ వచ్చాను.

"ఏమ్మే పద్మా, ఖాళీ తొట్టెల ఊపుతారా యాడన్నా? బండి గూడ అంతే. ఆపు!" అని అరిచింది అక్క.

మా వైపు పేరు పెట్టే రోజున బిడ్డ కంటే ముందు గుడ్డలో చుట్టిన గుండ్రాయిని తొట్టెలలో వేసి ఊపుతారు. ఆ తర్వాతే బిడ్డ. అక్క ఆ ఆచారాన్ని దుకాణంలోకి తెచ్చుకుని పనిముట్టుగా వాడుకుంది. ఆమె దగ్గర మూడు గుండ్రాళ్లుండేవి. ఒకటి అప్పుడే పుట్టిన బిడ్డంత బరువు, ఒకటి ఆరు నెలల బిడ్డంత, పెద్దది ఏడాది బిడ్డంత. "ఖాళీ బండి ఏదైనా బాగనే పోతాది. బరువు పెట్టినాక సూడు, దాని గుణం బయటపడతాది" అనేది. రాయి పెట్టి తోసి, చెవి వంచి చక్రాల చప్పుడు వినేది. అయితే అది చంటిబిడ్డను ఇంట్లో వదిలివచ్చినవాళ్ల కోసమే. బిడ్డను వెంట తెచ్చుకుంటే రాళ్ల జోలికే పోయేది కాదు, బిడ్డనే ఎత్తుకుని కూర్చోబెట్టేది.

బండి చూపించడానికి ముందు ఆమె అడిగే ప్రశ్నలు వింటే కొనేవాళ్లకు విసుగొచ్చేది. మీ వీధి సిమెంటుదా, బండలదా? గడప ఎంత ఎత్తు? బండి ఎవరు తోస్తారు, అవ్వ తోస్తుందా, అమ్మ తోస్తుందా? ఒకసారి పత్తి వ్యాపారం చేసే పెద్దింటి అల్లుడు వచ్చి, ఉన్నవాటిలోకెల్లా పెద్దది చూపించమన్నాడు. అక్క అతని చేతిలో దారపు ఉండ పెట్టి "మీ గుమ్మం కొలిసి రాపో అప్పా" అంది. అతను చిన్నబుచ్చుకుని వెళ్లాడు. ఇంక రాడనే అనుకున్నాను. సాయంత్రానికి దారానికి ముడివేసి తెచ్చి, తలగోక్కుంటూ నిలబడ్డాడు. వాళ్ల పాత రాతి ఇంటి గుమ్మంలో ఆ బండి జానెడు లోపలికి పోయి ఇరుక్కునేది. నాకు నవ్వాగలేదు. అక్క మాత్రం నవ్వకుండా అతనికి సరిపోయే సన్నబండి ఏదో చూపించింది.

ఇన్ని చూసి కూడా నేను తప్పు చేశాను.

వానాకాలం మొదట్లో ఒక మధ్యాహ్నం పెద్దకడుబూరు వైపు పల్లె నుంచి ఎస్తేరమ్మ అనే కూలి మనిషి వచ్చింది. చంకలో మూడేళ్ల కూతురు, కడుపులో ఆరు నెలల బిడ్డ. ఆ పాపకు కాళ్లలో బలం లేదు, నడుము నిలవదు. వారానికి రెండుసార్లు ఆదోని ఆసుపత్రికి తెచ్చి కాళ్లకు వ్యాయామం చేయించాలి, మానేస్తే కాళ్లు బిగుసుకుపోతాయని డాక్టరు చెప్పాడట. వాళ్ల ఇల్లు ఊరి చివర చర్చి వీధిలో ఉంది, బస్సు ఆగేది మైలు దూరంలో. "ఇంగ ఎత్తుకుని నడిసేకి నాతో కాదు మా. కడుపు నొస్తాంది. బండి లేకుంటే దీన్ని ఆసుపత్రికి తెచ్చేది నిలిసిపోతాది" అంది. అక్క అప్పుడు భోజనానికి ఇంటికి వెళ్లింది. ఎస్తేరమ్మ కళ్లు ఆ గులాబీ రంగు బండి మీద పడ్డాయి. నేను ఏడాది బిడ్డంత బరువున్న రాయిని అందులో పెట్టి, నున్నటి సిమెంటు నేల మీద రెండు చుట్లు తిప్పి చూపించాను. బ్రహ్మాండంగా పోయింది. ఆమె కొనుక్కుని వెళ్లింది.

పాప అక్కడే ఉంది కదా, రాయెందుకు పెట్టావు అని మీరు అడగవచ్చు. పాప నోటి నుంచి చొంగ కారుతోంది. గౌను ముందంతా తడిసి ఉంది. కొత్త బండి మెత్తకు అంటుతుందని ఒక నెపం మనసులో చెప్పుకున్నాను గానీ, అసలు మాట నా చేతులకు అంటుతుందని. ఎస్తేరమ్మ పాపను నా వైపు అందించబోయింది. నేను చూడనట్టు రాయికి గుడ్డ చుట్టుకుంటూ కూర్చున్నాను. పాప పేరేమిటని కూడా అడగలేదు.

నాలుగో రోజున ఎస్తేరమ్మ మళ్లీ వచ్చింది. పాప చంకలోనే ఉంది, మడిచిన బండి నెత్తి మీద ఉంది. వాన పడ్డ నల్లరేగడిలో ఆ చిన్న చక్రాలు పది అడుగులు కూడా పోలేదట. బంకమట్టి చుట్టుకుని బిగుసుకున్నాయి. పాప ఒక పక్కకు వాలగానే బండి ఒరిగిపోయింది. పాప నుదుటి మీద రూపాయి బిళ్లంత బొప్పి కనిపిస్తోంది. ఎస్తేరమ్మ గొడవపడలేదు. "మాకు బండి అచ్చిరాలేదేమో మా" అంది, తప్పంతా తన తలరాతదే అన్నట్టు. నేను తలెత్తలేకపోయాను.

రాయి పెట్టి చూపించిన సంగతి కూడా ఎస్తేరమ్మ నోట విన్న ఉరుకుందక్క గల్లా దగ్గర నుంచి లేచి వచ్చింది. తడిసిన గౌనుతో ఉన్న పాపను అలాగే గుండెకు ఆనించుకుని, బొప్పి మీద ఊదింది.

"నీ పేరేంది బంగారూ?"

"దీవెన" అంది ఎస్తేరమ్మ.

"దీవెనమ్మా, తప్పు నాది. నీకు తగని బండి నా దుకాణం ఇచ్చినాది" అని, ఎస్తేరమ్మ వైపు తిరిగి "ఈ పొద్దు నీ ఊరికి నేనే వస్తా. బండి సక్కంగ పోయినాకే నేను ఇంటికి పోయేది" అంది.

ఎస్తేరమ్మ మంచినీళ్లు తాగడానికి అవతలికి వెళ్లినప్పుడు అక్క నా దగ్గరకు వచ్చింది. గట్టిగా తిడుతుందనుకున్నాను. గొంతు బాగా తగ్గించి అడిగింది. "బిడ్డ ఈడుండంగా రాయిని యాల కూసోబెట్టినావు?" ఆమె నా చేతుల వైపు చూసింది, పాప గౌను వైపు చూసింది. అర్థమైపోయింది. "సరే పా, గోదాము తలుపు తీ" అంది, అంతే. రాయి మాట ఆ తర్వాత ఆమె నోట ఎప్పుడూ రాలేదు, ఎవరికీ చెప్పలేదు కూడా. నాలుగు తిట్లు తిట్టి ఉంటే నా మనసు ఎంత తేలికయ్యేదో.

గోదాములో మూల పడి ఉన్న ఇనుప చట్రం బండి ఒకటి బయటికి తీశాం. బరువు, చూపుకు మోటు అని ఎవరూ కొనలేదు. పక్కనే ఉన్న సైకిల్ షాపులో దాని వెనక చక్రాలు పీకించి, చిన్నపిల్లల సైకిల్ చక్రాలు వేయించింది అక్క. ఈసారి దీవెనను అందులో కూర్చోబెట్టి కొలతలు చూసింది. పాప ఎడమ పక్కకు వాలుతుందని ఆ వైపు దూది దిండు కుట్టించింది. వేలాడే కాళ్ల కింద చెక్క పెట్టించింది. నడుముకు అడ్డంగా మెత్తటి పట్టీ వేయించింది. సగం పని అయ్యేసరికి సైకిల్ షాపాయన కూడా తన అభిప్రాయాలు చెప్పడం మొదలుపెట్టాడు, అక్క ఆయన్ను కన్నడంలో దులిపేసింది. దీవెన మొదటిసారి నవ్వింది అప్పుడే.

ఆటోలో పల్లెకు వెళ్లేసరికి తుంపర పడుతోంది. రెండు పక్కలా పత్తి మొలకలు, మధ్యలో ట్రాక్టరు చాళ్లు పడిన నల్లటి దారి. "ఎత్తుకో" అంది అక్క నాతో, ఆటోలో ఉన్న దీవెనను చూపించి. ఎత్తుకున్నాను. ఒళ్లంతా కట్టెలా బిగుసుకుని, ఒక్కసారిగా సడలి నా భుజం మీద వాలిపోయింది. ఎత్తుకోక ముందు అంత బరువుంటుందని నేను అనుకోలేదు. ఈ బరువును, కడుపులో ఇంకో బరువుతో ఒక మనిషి మైలు దూరం మోస్తోందా అనుకునేసరికి ఏడుపు వచ్చేసింది. బండిలో కూర్చోబెట్టి, పట్టీ కట్టి, చర్చి నుంచి బస్సు ఆగే చోటి దాకా నేనే తోశాను. కాలువ దగ్గర ముందు చక్రాలు దిగబడ్డాయి. బలమంతా పెట్టి నెట్టబోతే అక్క అరిచింది.

"నెట్టొద్దు మే! బండిని ఎనక్కి తిప్పు. పెద్ద చక్రాలు ముందు పెట్టి లాగు."

తిప్పి లాగితే బురదలోంచి బండి మెల్లగా బయటికి వచ్చింది. ఎస్తేరమ్మ తను కూడా అలా రెండుసార్లు లాగి చూసుకుంది. నా చెప్పు ఒకటి ఆ బురదలోనే పోయింది. దాన్ని వెతకడానికి ఎవరూ ఆగలేదు. బస్సు ఆగే చోటికి చేరాక అక్క ఒక బండ మీద కూలబడి, మోకాళ్లు నొక్కుకుంటూ "ఇప్పుడు అమ్మినాం బండి" అంది.

తర్వాత నాకు ఎమ్మిగనూరులో మగ్గం నేసేవాళ్లింట్లో పెళ్లయింది. ఇక్కడ ఈ దుకాణం పెట్టుకుంటానంటే రిబ్బను కత్తిరించడానికి అక్కే వచ్చింది. ఎస్తేరమ్మ సంగతి అప్పుడప్పుడు తెలిసేది. కొడుకు పుట్టాడని, దీవెన ఆసుపత్రికి ఒక్క వారం కూడా మానలేదని.

పోయిన నెల తల్లీకూతుళ్లిద్దరూ మా దుకాణానికి వచ్చారు. దీవెనకు పదమూడేళ్లు. చేతి కర్రల మీద మెల్లగా, ఒక పక్కకు ఒరుగుతూ, తన కాళ్లతో తానే నడిచి లోపలికి వచ్చింది. "ఈ అక్క నీకు గుర్తుండదులే. చిన్నప్పుడు నిన్ను ఎత్తుకుని బండిలో కూసోబెట్టింది ఈ యమ్మనే" అంది ఎస్తేరమ్మ. ఆ పిల్ల నన్ను చూసి ఎంత ఇష్టంగా నవ్విందంటే, ఆ నవ్వును దొంగిలించినట్టు అనిపించింది. ఇక దాచుకోలేకపోయాను.

"లేదు ఎస్తేరమ్మా. మొదటి దినం నేను ఎత్తుకోలేదు. చొంగ అంటుతుందని ఎత్తుకోలేదు. అందుకే రాయి పెట్టి చూపించినాను" అన్నాను.

ఎస్తేరమ్మ మొహంలో ఏ మార్పూ లేదు.

"తెలుసు మా. ఆ దినమే తెలుసు. బిడ్డను ఎత్తుకుని తిరిగేదాన్ని, ఎవురి సేతులు ఎనక్కి పోతాయో నాకు తెలీదా?" అంది. దీవెన గడ్డం పట్టుకుని మళ్లీ అంది. "మా ఊరి దావలో నీ చున్నీతో దీని మూతి తుడిసినావు సూడు, నువ్వు మరిసినావేమో గానీ నేను మర్సిపోలా."

తుడిచిన సంగతి నాకు నిజంగానే గుర్తు లేదు. ఇన్నేళ్లూ తుడవని రోజునే మోసుకుంటూ తిరిగాను. ఇది విని అప్పటికప్పుడు ఫోన్ చేసి ఏడవడానికి ఉరుకుందక్క లేదు. వెళ్లేటప్పుడు దీవెన దుకాణం మెట్టు దగ్గర ఆగి, రెండు కర్రలూ తల్లికి ఇచ్చి, నా వైపు చెయ్యి చాపింది. మెట్టు దిగాక కూడా ఆ పిల్ల చెయ్యి వదల్లేదు, నేనూ వదల్లేదు. అలాగే మెల్లగా నడుచుకుంటూ బస్టాండు దాకా వెళ్లాను. దుకాణం తలుపులు బార్లా తెరిచే ఉన్నాయన్న సంగతి బస్సు కదిలాక గానీ నాకు గుర్తు రాలేదు.