శాంతిప్రియ, జర్మన్ బుడగల వైన్

రాజోలు దగ్గర పల్లెలో పుట్టిన శాంతిప్రియ దుబాయ్‌లో ఒక పెద్ద హోటల్లో వడ్డన చేసేది. ఉండేది షార్జా అల్ నహ్దాలో, మరో ముగ్గురు గోదావరి ఆడవాళ్ళతో ఒకే గదిలో. ఆదివారం ఆ గదిలోనే జరిగే ప్రార్థనలో పాట ఎత్తుకునేది ఆమే. బాప్తిస్మం రోజున మద్యం ముట్టనని మాటిచ్చింది. గ్లాసులు మోయడం వేరు, తాగడం వేరు అని ఇన్నాళ్ళూ మనసుకి సర్దిచెప్పుకుంటూ వచ్చింది.

2023లో హోటల్ వాళ్ళు వైన్ కౌంటర్‌కి ఒకరిని తీసుకుంటామన్నారు. ప్లేట్లు మోసి మోసి మోకాళ్ళు అరిగిపోయిన శాంతిప్రియ పేరిచ్చింది. ఇచ్చిన దగ్గర్నుంచి మనసు ఒక చోట నిలవలేదు.

నేర్పడానికి ఒక జర్మన్ ఆవిడ వచ్చింది. తమ దేశపు బుడగల వైన్, జెక్ట్ అంటారట, సన్నటి గ్లాసుల్లో పోసింది.

"మింగక్కర్లేదు. నోట్లో తిప్పి బకెట్లో ఉమ్మేయండి. దీనికి ఏ తిండి తోడవుతుందో ఆలోచించండి," అంది.

శాంతిప్రియ కళ్ళు మూసుకుని నోట్లో పోసుకుంది. పచ్చి ఆపిల్ కొరికినట్టు చల్లటి పులుపు, నాలుక మీద చిటపటలు. గబుక్కున ఉమ్మేసి, ఎవరైనా చూస్తున్నారేమోనని చుట్టూ చూసింది.

పులుపుకి పులుపే సరిపోతుందనుకుంది. వంటశాలలో పనిచేసే భీమరాజు భీమవరం మనిషి. అతన్ని బతిమాలి చేపల పులుసు పెట్టించింది. జర్మన్ ఆవిడ ఒక చెంచా తిని, వైన్ గుటకేసి దగ్గింది.

"కారం మీద బుడగలు పడితే నోరు మండుతుంది. చింతపండు ముందు వైన్ చప్పబడిపోయింది కూడా."

పేరిచ్చిన మిగతావాళ్ళంతా నవ్వారు. శాంతిప్రియకి తల కొట్టేసినట్టయింది. "రేపు ఇంకోటి తెస్తాను మేడమ్," అంది.

షార్జాలో మందు నిషేధం. గదికి వెళ్ళే బస్సులో లవంగం నములుతూ, చున్నీ మూతికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. పక్కామె కాస్త జరిగితే, వాసన వచ్చిందేమోనని ఇంకో లవంగం నోట్లో వేసుకుంది.

మర్నాడు భీమరాజు రొయ్యలకి బియ్యప్పిండి, ఉప్పు పట్టించి, మిరియాలు చిటికెడే వేసి, కరకరలాడేలా వేయించాడు. శాంతిప్రియ ఒకటి తిని వైన్ నోట్లో పోసుకుంది. నూనె జిడ్డంతా కడిగేసినట్టు పోయింది. రొయ్య తీపి అప్పుడు తెలిసింది. ఎవరూ అడక్కుండానే ఇంకో గుక్క పోసుకుంది. ఉమ్మేసింది, కానీ వెంటనే కాదు.

"ఇది కుదిరింది," అంది జర్మన్ ఆవిడ. సాయంత్రానికల్లా కౌంటర్ ఉద్యోగం శాంతిప్రియదే అని చెప్పేశారు.

గదికి రాగానే సుధారాణి ముక్కు ఎగబీల్చింది. గదిలో పెద్దది ఆవిడే, ప్రార్థన నడిపేదీ ఆవిడే.

"తాగేవా?"

"లేదక్కా. నోట్లో పోసుకుని ఉమ్మేసేను. పని అలాంటిది."

"ఉమ్మేస్తే మరి ఏడుస్తావేంటే?"

"చేదుగా ఉంటాదనుకున్నానక్కా. బాగుంది."

సుధారాణి మడతపెడుతున్న దుప్పటి పక్కన పెట్టింది. "ఉద్యోగం మానెయ్యమని నేననను. పాట మాత్రం కొన్నాళ్ళు బేబీ ఎత్తుకుంటాది," అంది. బేబీ అంటే వాళ్ళ గదిలోనే ఉండే పిల్ల.

"ఎన్నాళ్ళు?"

"నాకేం తెలుసు? నీకే తెలియాలి."

శాంతిప్రియ కౌంటర్‌లో చేరింది. ఆ ఆదివారం బేబీ పాట మరీ పై శ్రుతిలో ఎత్తుకుంది. అందరి గొంతులూ కీచుమన్నాయి. వెనక వరసలో శాంతిప్రియకి సరైన శ్రుతి గొంతు దాకా వచ్చింది. సుధారాణి వెనక్కి తిరిగి చూసింది. పాడమనో వద్దనో తెలియలేదు. ఇంతలో కింద హోటల్ బస్సు హారన్ కొట్టింది. శాంతిప్రియ చెప్పులు చేత్తో పట్టుకుని, పాట పూర్తికాకుండానే మెట్లు దిగింది.