మా మామగారి చెవి

మొన్న శనివారం మా వీధి భజన మందిరం కమిటీ ఆయన ఫోను పట్టుకుని మా ఇంటికొచ్చాడు. మందిరానికి కొత్త జేగంట కొనాలట. ఈ కాలంలో దానికి అంగడి మెట్టు ఎక్కనక్కరలేదు, ఫోనులోనే బొమ్మ చూపించి ఫోనులోనే మోగించి వినిపిస్తారు. "అక్కా, మీది పుంగనూరులో కంచు సామాన్ల అంగడంట గదా, ఈ రెండిట్లో ఏది బాగుండాదో రోంత ఇని సెప్పు" అని ఒకదాని తర్వాత ఒకటి నొక్కాడు. నా చెవికి రెండూ వంటింట్లో పళ్ళెం జారిపడినట్టే ఉన్నాయి. "రెండూ బాగుండాయి లేప్పా, నీకు నచ్చింది తీసుకో" అని తప్పించుకున్నాను. ఈమెకేం తెలుసు అనుకుని ఉంటాడు, అనుకోనీ. జేగంట బాగుందనీ బాగాలేదనీ చెప్పడం నేను మానేసి ఇరవై ఏళ్ళు దాటింది. ఒకే ఒక్కసారి నోరు జారి, జన్మకు సరిపడా పాపం మూటగట్టుకున్నాను.

నేను పుట్టిందీ, ఇప్పుడు ఉంటున్నదీ ఈ మదనపల్లెలోనే. తొంభైల మొదట్లో పుంగనూరు కోడలినయ్యాను. పెళ్ళిచూపులకు వచ్చిన రోజు మామగారు మా అమ్మ ఇచ్చిన కాఫీ తాగి, ఖాళీ అయిన ఇత్తడి లోటాను గోటితో ఒక్కసారి టంగుమనిపించి, "అడుగున మాటేసినారే" అన్నారు. నిజమే, ఆ లోటా అడుగు చిల్లుపడితే మా నాన్న మాటు వేయించుకొచ్చాడు. మా అమ్మ ముఖం కందగడ్డయింది. ఆ పొద్దే ఈయన మీద నాకు కొంచెం మంట పుట్టింది. పెళ్ళికూతుర్ని చూడటానికి వచ్చినవాడు లోటాను చూసిపోవడమేమిటి? తర్వాత తెలిసింది, ఆయన దేన్నీ వదలరని. పనసకాయ, కొబ్బరికాయ, కడవ, కొత్త తలుపు, ఏది ఎదురైనా ఒక దెబ్బ కొట్టి చెవి అటు పెట్టేవారు. నన్ను మాత్రం కొట్టి చూడలేదు, అంతవరకు నయం.

అంగడి బజారు వీధిలో ఉండేది, ముందు అంగడి, వెనక ఇల్లు. బిందెలు, దీపపు సెమ్మెలు, తాళాలు, గంటలు అన్నీ ఉన్నా, పలమనేరు దాకా ఆయనకు పేరు తెచ్చినవి మాత్రం జేగంటలే. పళ్ళెమంత కంచు బిళ్ళ, అంచున రెండు చిల్లులు, తాడు కట్టి వేలాడదీసి కొయ్య సుత్తితో కొడతారు, అదే జేగంట. మా వైపు నోళ్ళలో అది జాగంట. ఆయన పరీక్ష తీరే వేరు. ముందు కంటి పని. గుడ్డతో తుడిచి, వాకిట్లో ఎండకు పట్టుకుని, అంచు చుట్టూ ఒకే మందం ఉందా, సుత్తి దెబ్బల మచ్చలు వరసగా తిరిగాయా, ఎక్కడైనా పొక్కుందా అని చూసేవారు. తళతళలాడితే ఆయనకు అనుమానం. "మెరిసేదంతా తోముడప్పా, దాన్ని మూడు దినాలు గుళ్ళో పెడితే నల్లబడతాది. మచ్చలు సూడు, మచ్చలు అబద్ధం సెప్పవు" అనేవారు. తర్వాత దూలానికి కట్టిన కొక్కేనికి తగిలించి, నడిమికి కాకుండా కాస్త కిందగా ఒక దెబ్బ కొట్టి కళ్ళు మూసుకునేవారు. "పుట్టే కూత ఎవుడైనా ఇంటాడు. పోయే కూత ఇనాల." ఆ మోత సన్నబడి సన్నబడి ఎక్కడో ఆగేదాకా అంగడిలో ఎవరూ మాట్లాడకూడదు. ఎదురుగా టమోటా లారీ హారన్ కొడితే ఆ డ్రైవరు వంశాన్నంతా తిట్టి మళ్ళీ మొదలుపెట్టేవారు. చివరకు "ఇది పోతాది" అన్నారంటే ఆ గంట గుడికి పోతుంది. "ఇది పోదు" అన్నారంటే వచ్చిన దారినే వెనక్కి పోతుంది. పల్లెల నుంచి వచ్చిన వాళ్ళు వాళ్ళ చెవులతో వినేవారే కారు, ఆయన ముఖం చూసి కొనేవారు. పొలం లేదు, ఇల్లు పాతది, కొడుకు చూపంతా స్టీలు సామాన్ల మీద. ఆయనకు మిగిలిన ఆస్తి ఆ పేరొక్కటే.

జేగంటలు చేసే కంచరాయన కుప్పం దగ్గర నుంచి నెలకొకసారి బస్సులో వచ్చేవాడు. గోనెపట్టలో చుట్టిన గంటలు వాకిట్లో దించి, సగం అరవం సగం తెలుగులో బస్సు కండక్టరును శాపనార్థాలు పెట్టి, నేనిచ్చిన మజ్జిగ తాగి, మామగారి ఎదురుగా గొంతుకూర్చునేవాడు. గంట మోగుతున్నంతసేపూ మామగారి ముఖాన్నే చూసేవాడు. నేను వెళ్ళిన కొత్తలో నెలకు ఒకటో రెండో గంటలు వెనక్కి పోయేవి. ఇద్దరికీ పెద్ద గొడవ. "నీ చెవిలో గుబిలుండాది సెట్టీ!" "నీ కొలిమిలో బూడిదుండాది పోరా!" అని అరుచుకుని, మళ్ళీ ఒకే ఆకులో వక్క పంచుకునేవారు. రానురాను ఆ గొడవలు పోయాయి. తెచ్చిన ప్రతిదీ బాగుండేది. కంచరాయనకు చెయ్యి తిరిగిందిలే అనుకున్నాను. మామగారు కూడా గంట కొట్టాక అంచు మీద చూపుడువేలు ఆనించడం మొదలుపెట్టారు. అది విద్యలో ఇంకో మెట్టు అనుకున్నాను. ఇంట్లో పిలిస్తే పలకరు. పెద్దరికం ముదిరిందనుకున్నాం. ఒకే కప్పు కింద ఉంటూ ఇంత తెలివితక్కువగా ఎలా ఉన్నామో ఇప్పటికీ అర్థం కాదు.

రెండువేల సంవత్సరం దాటిన తర్వాత ఒక నెల కుప్పం ఆయన రాలేదు. జ్వరమట, తమ్ముణ్ణి పంపాడు. ఆ తమ్ముడు గంటలు వాకిట్లో దించి, మజ్జిగ కూడా తాగకుండా ఎక్కాల్సిన బస్సు ఉందని పోయాడు. ఆ మధ్యాహ్నమే గంగవరం వైపు పల్లె నుంచి నలుగురు రైతులు వచ్చారు. గుడి కొత్తగా కట్టుకున్నారు, జేగంట కావాలి. మామగారు గోనెపట్ట విప్పి ఒకటి తీశారు, తుడిచారు, ఎండలో చూశారు, కొక్కేనికి తగిలించి కొట్టారు. నేను లోపలి గడప దగ్గర కూర్చుని దీపాలు తోముతున్నాను. ఆ మోతలో జీర. పడిశం పట్టిన గొంతులా సర్రుమని, సగంలోనే చచ్చిపోయింది. ఎక్కడో వెంట్రుకంత నెర్ర ఉందన్నమాట. ఇప్పుడు తిడతారు చూడు అని నవ్వుకుంటూ తలెత్తాను. మామగారు కళ్ళు మూసుకుని, వేలు అంచు మీద ఆనించి, ఎంతోసేపు అలాగే ఉండి, కళ్ళు తెరిచి, "ఇది పోతాది. తీసుకోండప్పా" అన్నారు.

నేను ఊరుకోవచ్చు. మంచినీళ్ళ నెపంతో లోపలికి పిలిచి చెప్పవచ్చు. ఆ గంటను నేనే తీసి పక్కన పెట్టి, ఇంకొకటి చూపండి మామా అనవచ్చు. ఇన్ని దారులూ నాకు ఆ రాత్రి తట్టాయి, అప్పుడు తట్టలేదు. నా చెవికి తెలిసింది కదా అన్న మిడిసిపాటు ఒకటి, ఎప్పుడో లోటా నాటి మంట ఇంకొకటి. "మామా, అది పగిలుండాది! మీకు ఇనపడల్యా?" అని గట్టిగా అన్నాను.

గట్టిగా అన్నాను కాబట్టి అది ఆయనకు వినపడింది. రైతుల్లో ఒకాయన సుత్తి తీసుకుని తనే కొట్టాడు. ఈసారి అందరూ విన్నారు. ఆ నలుగురూ మామగారి వైపు చూసిన చూపు నేను చూశాను. అందులో కోపం లేదు, జాలి ఉంది. బజారులో ముప్పైనలభై ఏళ్ళు తలెత్తుకు తిరిగిన మనిషికి జాలికంటే పెద్ద దెబ్బ ఉంటుందా? "మళ్ళా వస్తాం లేప్పా" అని వాళ్ళు లేచారు. మామగారు సుత్తి తెచ్చి నా ఒళ్ళో పెట్టారు. "ఇంక నువ్వే సూడమ్మా" అన్నారు. ఆ గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే ఎంత బాగుండేదో.

సిగ్గులేకుండా చెబుతున్నాను, వారం రోజులు నాకు గర్వంగా ఉండింది. కోడలి చెవి మామ చెవిని మించిందని మా ఆయన కూడా మురిసిపోయాడు. నెల తిరిగేసరికి కుప్పం ఆయన వచ్చాడు. సుత్తి నా చేతిలో చూశాడు, మూల స్టూలు మీద వీధి వైపు తిరిగి కూర్చున్న మామగారిని చూశాడు. మజ్జిగ గ్లాసు తాకలేదు. పెరటి వాకిలి దగ్గరకు వచ్చి, "ఏం జేసినావమ్మా?" అన్నాడు.

నేను జరిగింది చెప్పాను, కాస్త గొప్పగానే.

"ఆయప్పకు ఇనపడక ఎనిమిదేండ్లాయ. మాకు తెల్దా? ఒక దినం కొట్టిన గంట కూత అయిపోయి సల్లగా ఉండాది, ఆయప్ప ఇంకా కండ్లు మూసుకోనే ఉండాడు. ఆ పొద్దే తెలిసిపాయ. ఆ పొద్దు నుంచి పది పోస్తే నేనే కొట్టి ఇని, జీరుండేటివి మళ్ళా కొలిమిలో యేసి, మంచియే తెస్తాండా. మా తమ్మునికి ఇది తెల్దు, అన్నీ మూటగట్టి తెచ్చినాడు."

"ముందే మాతో చెప్పొచ్చు గదా?" అన్నాను.

"యాల సెప్పాల? చెవుండేవానికి బాగలేంది సూపిచ్చి బేరమాడొచ్చు. చెవి లేనోని ముందర పెట్టి మోసం జేస్తే ఈ చెయ్యి పడిపోదామ్మా? ఆయప్ప మాట తప్పు గాకూడదని నేను ఎనిమిదేండ్లు కాసుకొంటి. నువ్వు ఒక్క మాటతో..." అని ఆగిపోయాడు. పూర్తి చేసి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేదేమో.

మామగారి చెవి పనిచేయని ఆ ఎనిమిదేళ్ళలో మా అంగడి నుంచి ఒక్క చెడ్డ గంట బయటికి పోలేదు. ఈ సంగతి ఎవరికి చెప్పుకోను? ఆ తర్వాత కుప్పం ఆయన చేసినవన్నీ తెచ్చి నా ముందు పోసేవాడు, ఏరుకోమ్మా అని. నేను ఏరేదాన్ని. కొన్ని తప్పాయి కూడా, రెండు గుళ్ళ వాళ్ళు గంటలు వెనక్కి తెచ్చారు. వాళ్ళు వాకిట్లో ఉన్నంతసేపూ మామగారు వీధి వైపే చూస్తూ ఉండేవారు. ఇంకా కొన్నాళ్ళకు కుప్పం ఆయన రావడం మానేశాడు. మిషన్ మీద తిప్పిన నున్నటి గంటలు వచ్చాయి, వాటి మీద మచ్చలే లేవు. నేను సుత్తి మేకుకు తగిలించాను.

క్షమించమని అడగలేదా అంటారేమో. అడిగాను. ఒక సాయంత్రం ఆయన పక్కన కింద కూర్చుని, "మామా, ఆ పొద్దు తప్పు జేసినా" అన్నాను. ఆయన అరచెయ్యి చెవి వెనక పెట్టుకుని, "ఏందమ్మా? రోంత గట్టిగా సెప్పు" అన్నారు. ఎదుటి బట్టల అంగడాయన ఇటు చూస్తున్నాడు. ఆ మాట గట్టిగా చెప్పాలంటే వీధి వీధంతా మళ్ళీ ఆ రోజు సంగతి వినాలి. "భోజనానికి రమ్మంటాండా మామా!" అని అరిచాను. ఇంకా పొద్దు కూడా గుంకలేదు, అయినా ఆయన తలూపి లేచి వచ్చారు. కాగితం మీద రాసిద్దామా అనుకున్నాను. ఆయన ఏది చదివినా పక్కింటికి వినపడేలా పైకి చదువుతారు. సరే, ఎప్పుడైనా ఎవరూ లేనప్పుడు చెబుదాంలే అని వాయిదా వేస్తూ వచ్చాను. అంగడిలో ఎవరూ లేని పొద్దు ఉంటుందా? నా వాయిదాలు తీరకముందే, ఒక వేసవిలో నాలుగు రోజులు మంచాన పడి ఆయన వెళ్ళిపోయారు.

ఆ రోజు అరవడానికి సిగ్గుపడ్డాను. ఇప్పుడు గట్టిగా అరిచినా, మెల్లగా చెప్పినా ఒకటే.