ఆ స్ప్రింగు కోసింది నేనే

మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిది. తెలిసినవాళ్ల దగ్గర ఈ మాట గొంతు దాకా వచ్చి ఆగిపోయేది. ఆరేళ్లయింది. ఈ ఆరేళ్లూ అన్నం తిన్నాను, వ్యాపారం చేశాను, పాప పుట్టినరోజులు చేశాను, నలుగురిలో నవ్వాను. కడుపులో మాత్రం ఒక బండ కదలకుండా అట్లాగే పడి ఉంది. బండల వ్యాపారం చేసేవాణ్ణి, బరువులు నాకు కొత్త కాదు. కానీ ఈ బరువు దించడానికి కూలీలు దొరకరు కదా.

నిన్న మధ్యాహ్నం దాన్ని నా అంతట నేనే కదిలించాను. ఆ అదురు ఇంకా తగ్గలేదు. రాత్రి కన్ను మూతపడలేదు, అయినా ఒళ్లు తేలిగ్గా ఉంది. ఇప్పుడు రాస్తుంటే చెయ్యి ఆగడం లేదు. మొత్తం చెప్పేస్తాను. మధ్యలో కారు గురించి వాగడం మొదలుపెడితే ఏమీ అనుకోకండి. నాకది జబ్బు. తప్పంతా ఆ జబ్బులోంచే వచ్చింది.

మాది కడపకు దగ్గర్లో ఒక పల్లె. నాన్నకు నల్లబండలు కోసి పాలిష్ పట్టే షెడ్డు ఉంది. నాకు ముప్పయ్యేళ్లప్పుడు, నేను పోరగా పోరగా, నాన్న ఒక కారు కొనిచ్చాడు. బెంగళూరులో ఎవరో వాడి వదిలేసింది. అయితే ఏం! స్పోర్ట్స్ సెడాన్! తాళం తిప్పగానే గుర్రుమనేది. ఆ శబ్దానికి నాకు ఒళ్లు జలదరించేది. నాన్న ఒక్కటే షరతు పెట్టాడు. ఏ మార్పు చేయించినా బాషా చూసి సరేనంటేనే చేయించాలి. సొంత తెలివి చూపించానంటే మరుసటి రోజే బండి అమ్మేస్తాడు. మా నాన్న ఊరికే బెదిరించే మనిషి కాదు.

బాషన్న గురించి చెప్పాలి. కడప బైపాసు పక్కన చిన్న రేకుల షెడ్డు ఆయనది. వాళ్ల నాన్న లారీల కింద స్ప్రింగుల్లా పనిచేసే కమాన్ పట్టీల కట్టలు సరిచేసేవాడట. ఈయన ఆ పనిలోనే పుట్టి పెరిగి కార్ల స్ప్రింగుల్లోకి వచ్చాడు. రాయచోటి, రాజంపేట నుంచి కూడా కుర్రాళ్లు కార్లు తీసుకుని ఆయన దగ్గరికే వచ్చేవాళ్లు. బానెట్ తెరవక్కర్లేదు. కారు గేటులోంచి లోపలికొస్తున్నప్పుడు అది ఊగే తీరు చూసి, ఏ చక్రం దగ్గర షాకబ్జర్ పోయిందో చెప్పేవాడు. పని అయ్యాక ప్రతి స్ప్రింగు కింది చివర పసుపు రంగుతో ఒక చుక్క పెట్టేవాడు. అది ఉంటే బాషా పని. అది లేకుంటే ఇంకెవరిదో.

రెండు నెలలు పట్టింది మా కారుకు. అబ్బ, ఆ రెండు నెలలు! ముదురు నీలం, మెరుపు లేని రంగు. నల్లటి అల్లాయ్ చక్రాలు, పాతవాటికన్నా ఒక సైజు పెద్దవి. ముందు బంపర్ కింద పెదవిలాంటి ఒక సన్నటి పట్టీ. వెనక చిన్న రెక్క. రోజూ షెడ్డులో పని ఎగ్గొట్టి పోయి ఆ కారు ముందు కూర్చునేవాణ్ణి. మా ఆవిడ, కాన్పుకు కూడా ఇన్నిసార్లు ఆస్పత్రికి రాలేదని దెప్పిపొడిచింది. నిజమే. రాలేదు.

చివరికి పొట్టి స్ప్రింగులు, గట్టి షాకబ్జర్లు వేసే రోజు వచ్చింది. బాషన్న పద్ధతి ఒకటుండేది. ఆయన ఖాళీ బండికి ఎత్తు కొలిచేవాడు కాదు. ఆ బండిలో ఎవరు తిరుగుతారో వాళ్లందరూ రావాలి. నాన్న, అమ్మ, మా ఆవిడ, పాప, అందరం కడపకు పోయాం. అందర్నీ ఎక్కించి, డిక్కీలో మా నల్లబండలే రెండు పెట్టించి, అప్పుడు టైరుకూ పైనున్న మడ్‌గార్డుకూ మధ్య రెండు వేళ్లు దూర్చి చూశాడు. నాలుగు చక్రాల దగ్గరా రెండు వేళ్ల సందు. సరిగ్గా! అమ్మ కిటికీలోంచి తల బయటపెట్టి, పెళ్లిచూపులకు కూర్చోబెట్టినట్టుందని నవ్వింది. బాషన్న కూడా నవ్వాడు.

నాకు మాత్రం నవ్వు రాలేదు. ఎందుకంటే అందరూ దిగిపోగానే కారు లేచింది. రెండు వేళ్ల సందు నాలుగు వేళ్లయింది. ఖాళీ కారు నా కంటికి పంచె పైకి మడిచి నిలబడ్డ మనిషిలా కనిపించింది.

ఇంకొంచెం దించమని బతిమాలాను. ఆయన ఒప్పుకోలేదు.

కడపలో కార్ల పిచ్చోళ్లం ఒక పాతికమందిమి ఉండేవాళ్లం. ఆదివారం పొద్దున ఊరి బయట కలుసుకుని కార్లు వరసగా పెట్టేవాళ్లం. మాలో అగ్గిపెట్టె పందెం ఒకటుండేది. టైరుకూ మడ్‌గార్డుకూ మధ్యలోకి అగ్గిపెట్టె నిలువుగా పోకూడదు. పోయిందంటే నవ్వులే నవ్వులు. నా కారు వంతు వచ్చింది. అగ్గిపెట్టె కాదు, ఒకడు వేళాకోళానికి టిఫిన్ డబ్బా తెచ్చి దూర్చాడు. అందరూ విరగబడి నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఇంత చిన్న విషయానికా అని మీరు అడగొచ్చు. నేనూ నన్ను ఆరేళ్లుగా అదే అడుగుతున్నాను. ఒక మనిషి జీవితాన్ని తలకిందులు చేయడానికి ఒక టిఫిన్ డబ్బా చాలా? చాలింది.

మరుసటి రోజు నాన్న ఊళ్లో లేడు. మా షెడ్డులో జాక్ ఉంది, గ్రైండర్ ఉంది. వెనక స్ప్రింగులు రెండూ ఊడదీసి, కింద నుంచి ఒకటిన్నర చుట్టు కోసేశాను. నిప్పురవ్వలు ఎగురుతుంటే ఎంత సంబరపడ్డానో! అబద్ధం చెప్పను, ఇప్పుడు తలుచుకున్నా ఆ సంబరం గుర్తొస్తోంది. మళ్లీ బిగించి కారు దించితే, అమ్మో, ఏం కూర్చుందండీ! నేలకు అతుక్కుని కూర్చుంది. ఆ తర్వాతి ఆదివారం అగ్గిపెట్టె కాదు, అగ్గిపుల్ల కూడా దూరలేదు. ఈలలు వేశారు. నన్ను ఎత్తుకుని తిప్పారు. బాషన్న పెట్టిన పసుపు చుక్కలు కోసేసిన ముక్కలతో పాటు రాళ్ల కుప్పలో పడ్డాయి. అప్పుడు దాని గురించి ఆలోచించలేదు.

పదిహేను రోజులకు రాయచోటిలో మా బంధువుల నిశ్చితార్థం. నాన్న, అమ్మ, మా ఆవిడ ఎక్కారు. పాపను పిన్ని దగ్గర వదిలాం. డిక్కీలో సారె సామాను. నలుగురూ కూర్చునేసరికి కారు ఇంకా దిగింది. నాకు తెలిసింది. తెలిసీ పోనిచ్చాను. గువ్వలచెరువు ఘాట్‌లో ఒక మలుపు దగ్గర రోడ్డు మీద గుంత. కారు ఎగిరింది. కోసిన స్ప్రింగు పొట్టిది కదా, చక్రం కిందికి జారగానే తన గూట్లోంచి తప్పుకుంది. ఆ వెంటనే కారు వెనక భాగం టైరు మీద కూర్చుంది. టైరు పేలింది. కారు కొండవైపు గోడను గీసుకుంటూ పోయి ఆగింది. అటువైపు లోయ. ఇటువైపు పోయింది కాబట్టి ఈరోజు రాస్తున్నాను.

అమ్మ నొసలు కిటికీ అద్దానికి కొట్టుకుంది. ఏడు కుట్లు పడ్డాయి. నాన్న నా చొక్కా పట్టుకుని, నేనేమైనా కెలికానా అని అడిగాడు. లేదన్నాను. అది భయంతో వచ్చిన అబద్ధం. అక్కడితో ఆగి ఉంటే ఈ కాగితం అవసరం ఉండేది కాదేమో.

కానీ ఆ సాయంత్రం అమ్మ ఆస్పత్రిలో పడుకుని ఉంటే, కారు చూసి వస్తానని చెప్పి, దాన్ని లాక్కొచ్చి పెట్టిన మా బండల షెడ్డుకు పోయాను. బండల మీద కొలతలు రాసే పసుపు రంగు డబ్బా తీశాను. కారు కింద పడుకుని, కోసిన స్ప్రింగుల చివర రెండు చుక్కలు పెట్టాను. ఇది నేను ఎవరికీ చెప్పలేకపోయిన భాగం. కారు కోసం! నాన్న కారు అమ్మేస్తాడేమోనని! నా బుద్ధి గడ్డి తింది అనుకుని సరిపెట్టుకోవడానికి లేదు. బుద్ధి బాగానే పనిచేసింది ఆ రోజు.

మరునాడు పొద్దున ట్రాలీ మీద కారు బాషన్న షెడ్డు ముందు దిగింది. నాన్న కేకలకు అయిదారుగురు పోగయ్యారు. బాషన్న ఊడిన స్ప్రింగును చేతిలోకి తీసుకున్నాడు. కోసిన అంచు చూశాడు. చుక్క మీద బొటనవేలితో రుద్దాడు. ఆయన వాడే రంగు ఇనుమును పట్టుకుంటే వదలదు. నాది రాళ్ల మీద రాసేది. వేలికి పసుపుగా అంటుకుంది. ఆ వేలు చూసుకున్నాడు. తర్వాత నన్ను చూశాడు.

"ఇది నేను కోసినానా అప్పా?"

నేను నేల చూశాను.

"ఆలోచించి చెప్పప్పా. మీ నాయన ఈడనే ఉండాడు. నా ఇజ్జత్ నీ నోట్లో ఉండాది. కోసింది నేనేనా?"

"నువ్వే గదన్నా కోసినావు. తక్కువ ఖర్చులో చేస్తానని."

ఆయన ఆ వేలును ప్యాంటుకు తుడుచుకున్నాడు. "సరేప్పా. నువ్వే చెప్పినాక ఇంగ నేనేం చెప్పేది" అన్నాడు. స్ప్రింగును మెల్లగా బల్ల మీద పెట్టి లోపలికి పోయాడు.

ఎందుకు వేలు ఎత్తి అందరికీ చూపించలేదు? చూపించి ఉంటే నా పని అయిపోయేది. మా నాన్న నన్ను నాలుగు తగిలించేవాడని జాలిపడ్డాడా? ఆ గుంపులో తన మాట ఎవరూ నమ్మరనుకున్నాడా? లేక నేనే చెబుతానని చివరిదాకా చూశాడా? ఏది నిజమైనా నాకు తలెత్తుకునే దారి లేదు.

అదే రోజు ఆ స్ప్రింగు ఫోటో మా కార్ల గ్రూపులో పెట్టాను. కింద "బాషా పని" అని రెండే మాటలు. చుక్క బాగా కనిపించేటట్టు తీశాను. అంతే. కుర్రాళ్లు రావడం తగ్గింది, తర్వాత మానేశారు. ఏడాది తిరక్కుండా ఆ షెడ్డుకు తాళం పడింది. నా కారు మాత్రం నా దగ్గరే ఉంది. దాన్ని మళ్లీ బాగు చేయించుకుని తిరిగాను.

పోయిన నెల కర్నూలు మీదుగా బండలు తోలుతుంటే, ఊరు దాటాక మా లారీ కమాన్ పట్టీ విరిగింది. డ్రైవర్ హైవే పక్కన ఒక కొలిమి షెడ్డుకు తీసుకుపోయాడు. లోపల సుత్తి పట్టుకుని బాషన్న. గడ్డం నెరిసిపోయింది. నన్ను చూడగానే గుర్తుపట్టాడు. ఆయన అడిగింది ఒక్కటే, అమ్మ నొసటి గాయం మానిందా అని. మానిందన్నాను. చెప్పడానికి అంతకన్నా మంచి సమయం ఉంటుందా? ఉండదు. లారీ బాగైంది, నేను వచ్చేశాను.

ఆ నెలంతా నేను మనిషిని కాను. నిన్న మధ్యాహ్నం అమ్మ నాకూ నాన్నకూ సంగటి వడ్డిస్తూ నొసలు గోక్కుంది. ఎండాకాలం ఆ మచ్చ దురద పెడుతుంది. పెట్టినప్పుడల్లా అలవాటుగా ఒక తిట్టు. "వాని చేతులు పడిపోను, ఆ బాషా గానివి" అంది. ఆ చేతులు నేను నెల కిందటే చూశాను. సుత్తి పట్టుకుని ఉన్నాయి.

కోసింది నేనే అన్నాను. చుక్క పెట్టిందీ నేనే అన్నాను. ఆగకుండా అంతా చెప్పేశాను.

నాన్న కంచంలోనే చెయ్యి కడుక్కుని లేచి పోయాడు. అమ్మ గరిటె పట్టుకుని అట్లాగే నిలబడింది. తర్వాత గరిటె కింద పెట్టి అంది. "ఆరేండ్లు ఆయప్పను తిట్టినా గదరా నేను. ఆస్పత్రిలో తిట్టినా, పెండ్లిండ్లలో తిట్టినా, పోయిన కాడంతా తిట్టినా. నా నోటితో నువ్వు తిట్టిచ్చినావు. ఆ తిట్లన్నీ ఇప్పుడు యాడ పెట్టుకోవల్ల నేను?"

అక్కడే కూర్చుని గ్రూపులో రాశాను, నా పేరుతోనే. అది బాషన్న పని కాదు, నాది అని. ఒకడు బూతు తిట్టాడు. ముగ్గురు గ్రూపులోంచి వెళ్లిపోయారు. మిగతావాళ్లు చదివి ఊరుకున్నారు. ఇంత జరిగినా, సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు ఊపిరి ఆడుతోంది! ఆయన పోగొట్టుకున్నది ఒక్కటీ తిరిగి రాలేదు, రాత్రంతా అమ్మ నాతో మాట్లాడలేదు, నాన్న మొహం చూడటం లేదు. అయినా ఊపిరి ఆడుతోంది. ఇది కూడా నా స్వార్థమేనా? అయ్యుండొచ్చు. కాదని వాదించను.

పొద్దున అమ్మ బయటికెళ్లే చీర కట్టుకుని వచ్చి, కర్నూలుకు పదమంది. ముందు తను మాట్లాడుతుందట. నేను క్షమించమని అడగకూడదట, చేసింది చేసినట్టు చెప్పాలట, అంతే. నాన్న వస్తాడో రాడో తెలియదు. బాషన్న మమ్మల్ని కూర్చోమంటాడో, మొహం తిప్పుకుని పనిలో పడిపోతాడో అదీ తెలియదు. బయట అమ్మ కార్లో కూర్చుని హారన్ కొడుతోంది. వెళుతున్నాను.