ఖాళీ గంప బేరం

సూర్యకాంతమ్మ గొంతు విప్పిందంటే జాలరిపేటలో పడుకున్న కుక్కలు కూడా లేచి కూర్చోవలసిందే. చేపల గంప నెత్తిన పెట్టుకుని అపార్ట్‌మెంట్ల కింద నిలబడి కేకేస్తే, ఐదో అంతస్తు ఆడవాళ్లు సైతం గిన్నెలు పట్టుకుని దిగేవారు. అలాంటి మనిషి లాక్‌డౌన్‌లో మూగనోము పట్టింది. పడవలు ఒడ్డెక్కాయి, గంప గోడకు చేరింది, ఆమె గుమ్మంలో కూలబడింది. తిండి సయించదు, కంటికి కునుకు రాదు.

కోడలు అనూరాధ ఫోనులో ఏదో చూసి, "అత్తా, కళ్లు మూసుకుని ఊపిరి బాగా పీల్చి ఒదులు, మనసు తేలికవుద్ది" అంది. సూర్యకాంతమ్మ ఊపిరి పీల్చింది, వదిలింది, మళ్లీ వీధిలోకే చూస్తూ కూర్చుంది.

ఆమె మొగుడు పోలిరాజుకు బెంగ పట్టుకుంది. ఇన్నేళ్లూ "నీ నోరు పడిపోనూ" అని విసుక్కున్నవాడే, ఆ నోరు నిజంగా పడిపోయేసరికి హడలిపోయాడు. నడిసముద్రంలో గాలివాన పట్టుకున్నప్పుడు కూడా అతనికి అంత భయం వేయలేదు.

చేప పట్టడం మగాడి పని, అమ్మడం ఆడదాని పని. పోలిరాజు జన్మలో బేరమాడి ఎరగడు. అయినా ఆ సాయంత్రం మాస్కు కట్టుకుని, ఖాళీ గంప ఆమె ముందుకు లాగి, కొనేవాడిలా నిలబడ్డాడు.

"సేపలమ్మా, వంజరం ఎలాగిత్తన్నావ్?"

ఆమె చూపు వీధి మీంచి కదలలేదు.

పోలిరాజు గంపలోకి వంగి మొహం చిట్లించాడు. "మొప్పలు తెల్లబడిపోనాయి. నిన్నటి సేపలేటి ఇయి?"

సూర్యకాంతమ్మ గంపను అంత మాట అన్నవాడు అంతవరకూ పుట్టలేదు. ఆమె దిగ్గున లేచింది.

"ఎవుడ్రా నిన్నటియన్నోడు? తెల్లారగట్ల నా మొగుడు ఏటకెల్లి తెచ్చిన సేప! కళ్లు సూడు, ఎలాగ మెరిసిపోతన్నాయో! కొనే మొకమేనా నీది? ఎల్లెల్లు!"

వీధిలో తలుపులన్నీ తెరుచుకున్నాయి. ఎదురింటి గంగాలమ్మ కిటికీలోంచి, "నాకో కేజీ ఉంచవే కాంతం!" అని అరిచింది. పోలిరాజు సగానికి సగం ధర అడిగాడు. సూర్యకాంతమ్మ అతని ఏడు తరాలనూ ఏకిపారేసి, మధ్యలో నవ్వాపుకోలేక కూలబడి, కొంగుతో కళ్లు తుడుచుకుంది. అనూరాధకు ప్రాణం లేచొచ్చింది.

అన్నాల వేళ సూర్యకాంతమ్మ తన కంచం నిండా వడ్డించుకుంది. పోలిరాజు కంచంలో ఎండుచేపల పులుసు రెండో గరిటె కూడా వేసింది.

"ఇదేటే?"

"కొసరు!" అని వీధి చివరికి వినబడేలా కసిరింది. "రేపు ఏళకి రా. ఆలస్సెమైతే సరుకుండదు."