మీటరు చూడని మంగళవారం

నాగర్‌కర్నూల్‌ నుంచి రోజూ బస్సెక్కి కృప వనపర్తి ఊరి చివరి కర్మాగారానికి వెళ్తుంది. కరెంటు తయారుచేసే టర్బైన్ల రెక్కలకు అక్కడ రంధ్రాలు వేస్తారు. వాటి గుండా గాలి ఆడితేనే అంత వేడిలో తిరిగే రెక్క పాడవకుండా నిలుస్తుంది. యంత్రంలో వెంట్రుకంత సన్నటి నీటిధార కిందికి దూకుతుంటుంది. లేజరు కాంతి ఆ ధార లోపలే ప్రయాణించి లోహాన్ని తొలుస్తుంది, నీరు వెంటనే చల్లబరుస్తుంది. ఐటిఐ చదివిన కృప నాలుగేళ్లు ఆ యంత్రం మీదే పనిచేసింది.

ధార చెదిరితే రంధ్రం పూర్తిగా పడదు. అది చెదరకుండా ఉండాలంటే నీళ్లు చాలా శుభ్రంగా ఉండాలి. నీటి శుభ్రత చూపే మీటరును గంటకోసారి చూసి కాగితం మీద అంకె రాయాలి. ఆ మంగళవారం తండ్రి యేసుబాబును చెవుల పరీక్షకు దవాఖానకు తీసుకెళ్లి పనికి ఆలస్యంగా వచ్చింది. హడావుడిలో మీటరు చూడకుండానే ముందురోజు అంకెలు దింపేసింది. సాయంత్రానికి చూస్తే ధార చిట్లుతోంది. నీళ్లు వడకట్టే ఫిల్టరు పాడైంది. అప్పటికే నలభై రెక్కలు పూర్తయ్యాయి.

ఫిల్టరు మార్చింది గానీ ఎవరికీ చెప్పలేదు. తనిఖీవాళ్లు రెండు రెక్కలు చూసి బాగున్నాయన్నారు. మిగతావి పెట్టెల్లోకి వెళ్లాయి.

"ఏమైంది బిడ్డా? మూడు దినాల సంది సరిగ తింటలేవు," అన్నాడు యేసుబాబు.

"పనిల తప్పు చేసిన నాయినా."

ఆయనకు వినపడలేదు. ఇరవయ్యేళ్లు క్వారీలో బండలు తొలిచిన చెవులవి. కృప గొంతు పెంచి మొత్తం చెప్పింది. పక్కింటి బాలమణి గోడ మీదుగా తొంగిచూసింది. కృపకు తల కొట్టేసినట్టయింది.

బాలమణి లోపలికి వెళ్లేదాకా ఆగి యేసుబాబు చెప్పాడు.

"క్వారీల ఒకపారి బండ పేల్చెతందుకు పెట్టిన తూటా పేలకుండ మిగిలింది. నేను చూసిన. మేస్త్రి తిడ్తడని చెప్పలే. తెల్లారి అది పేలి నాతోటి పనిచేసే బుచ్చన్న చెయ్యి పోయింది. గీ సంగతి ఎవ్వరికి తెల్వదు. ఇగ నీ ఇష్టం."

మర్నాడు కృప సూపర్‌వైజర్ ఉదయ్ కిరణ్ దగ్గరికి వెళ్లేసరికి పెట్టెలు లారీ దగ్గర ఉన్నాయి.

"తనిఖీల పాసైనయ్ కద. మల్ల ఏంది నీ పరేషాన్?" అన్నాడతను.

"రెండే చూసిన్రు సార్. మీటరు చూడకుంటనే నేను అంకెలు రాసిన. నలభైకి నలభై చూడాలె."

"గిది రాసిచ్చినంక నిన్ను నేను కాపాడలేను. తెల్సా?"

"తెల్సు సార్."

రాసి సంతకం పెట్టింది. లారీ ఆ పెట్టెలు లేకుండానే వెళ్లింది. ప్రతి రంధ్రంలోకీ గాలి ఊది చూశారు. పదకొండు రెక్కల్లో కొన్ని రంధ్రాలు అవతలిదాకా తెగలేదు.

ఎవరూ ఆమెను తిట్టలేదు. వారం తిరక్కుండా ప్యాకింగుకు మార్చారు. ఆమె దగ్గర పని నేర్చుకున్న సుహాసిని ఇప్పుడు యంత్రం మీద ఉంది. పైవాళ్లు అందరి మీటరు కాగితాలూ తిరగేయడం మొదలుపెట్టాక తోటివాళ్లు కృపతో కలిసి తినడం మానేశారు. "నువ్వు మంచిదానివైతివి, మమ్మల్ని ఇరికిస్తివి," అని ఒకామె మొహం మీదే అంది.

ఎనిమిది నెలలైంది. చెప్పకుండా ఉండాల్సిందేమో అని కొన్ని సాయంత్రాలు బస్సులో అనిపిస్తుంది. యంత్రం మీదికి తీసుకోమని కృప రెండుసార్లు దరఖాస్తు ఇచ్చింది. మొదటిదానికి చూద్దామన్నారు. రెండోదానికి ఇంకా జవాబు రాలేదు.